అమెరికా స్వాతంత్ర్య యుద్ధం: నాగలి పట్టినవాళ్లు సామ్రాజ్యాన్ని ఎలా ఓడించారు? పని వివరాలు చెప్పండి

#1 గోదారిగట్టు
ఏ పుస్తకం తెరిచినా ఒకటే పాట. రైతు నాగలి వదిలాడు, గోడకున్న తుపాకి దించాడు, బ్రిటిష్ వాడు ఓడ ఎక్కాడు. 1775 నుంచి 1783 దాకా ఎనిమిదేళ్లు సాగిన యుద్ధం అంత తేలిగ్గా నడుస్తుందా? 13 కాలనీల జనాభా అంతా కలిపినా 25 లక్షలు. తుపాకి మందు ఎవరు చేశారు? ఫిరంగులు ఎక్కడివి? జీతాలు ఎవరిచ్చారు? ఆడవాళ్లు, నల్లవాళ్లు, చేపలు పట్టేవాళ్లు ఏ పని చేశారు? "అన్ని వర్గాలవారూ పాల్గొన్నారు" అని ఒక్క వాక్యంతో దాటేస్తుంటే చిరాగ్గా ఉంది.

#2 నాటుతుపాకి
ముందు ఆ గోడ మీది తుపాకి సంగతి. అది అలంకారానికి పెట్టుకున్నది కాదు. మసాచుసెట్స్ లాంటి చోట్ల 16 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు మిలీషియాలో (ఊరి పౌరదళంలో) ఉండాలని, ఎవరి ఆయుధం వాళ్లే తెచ్చుకోవాలని చట్టం ఉండేది. అందులో సుమారు నాలుగో వంతు మందిని ఏరి "మినిట్‌మెన్" అన్నారు. పిలిచిన నిమిషంలో రావాలి.

తుపాకి పేల్చే వరస ఇది. గుర్రాన్ని (చెకుముకి రాయి బిగించిన మీటను) సగం వెనక్కి లాగాలి. కాగితపు తూటా చివర పళ్లతో కొరికి చింపాలి. కొంచెం మందు రంజకం గిన్నెలో (నిప్పురవ్వ పడే చిన్న పళ్లెంలో) పోసి మూత వెయ్యాలి. మిగతా మందు గొట్టంలో పోసి, సీసపు గుండూ కాగితమూ దాని మీద వేసి గజంతో (పొడుగాటి చువ్వతో) దిగ్గొట్టాలి. గజం తీసి చోట్లో పెట్టాలి. గుర్రాన్ని పూర్తిగా లాగి పేల్చాలి. బాగా తర్ఫీదైనవాడు నిమిషానికి మూడుసార్లు పేలుస్తాడు. 100 గజాలు దాటాక ఒక మనిషికి గురిపెట్టి కొట్టడం వట్టి మాట.

గజం తీయడం మర్చిపోయి పేలిస్తే అది గుండుతో పాటే పోతుంది, ఇక ఆ రోజుకు తుపాకి కర్రతో సమానం. చెకుముకి రాయి అరిగితే నిప్పురవ్వ పడదు. వాన పడితే రంజకం తడిసి ముద్ద. నాలుగైదు పదుల సార్లు పేల్చాక గొట్టంలో మసి పేరుకుని గుండు దిగదు. వీటన్నిటికీ అలవాటు పడటమే "సైన్యం" అంటే. రైతుకి తుపాకి ఉంది, ఈ అలవాటు లేదు.

#3 మొండిఘటం
పళ్లతో కొరకాలంటే ముందు పళ్లుండాలి. కట్టుడు పళ్ల సేనాపతి వాషింగ్టన్ గారు సిపాయిగా చేరకపోవడం మంచిదైంది.

#4 ఓరుగల్లు_కోట
#2కి చిన్న అడ్డు. రైతులకి అలవాటు లేదని అంత గట్టిగా అనకండి. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్ పచ్చిక మీద నిలబడ్డది 77 మందే, అందులో 8 మంది పోయారు. అదే రోజు సాయంత్రానికి కాంకర్డ్ నుంచి బోస్టన్‌కి వెనక్కి నడిచిన బ్రిటిష్ దళం చంపబడ్డవాళ్లు, గాయపడ్డవాళ్లు, దొరకనివాళ్లు కలిపి 273 మందిని పోగొట్టుకుంది. రాతిగోడల వెనక నుంచి, ఒక్కో ఊరివాళ్లు తమ పొలిమేరలో కొట్టి తర్వాతి ఊరికి అప్పజెప్పారు.

#5 నాటుతుపాకి
సరే, ఒక రోజు, తెలిసిన దారి, వెంటాడే పని. అదే మిలీషియాను బయట మైదానంలో బాయ్‌నెట్ల ముందు నిలబెడితే? చాలామంది దగ్గర బాయ్‌నెట్టే లేదు. రెండోసారి మందు దట్టేలోపు అవతలివాడు మీద పడతాడు. పెన్సిల్వేనియా, వర్జీనియా కొండల వేటగాళ్ల రైఫిల్ 200 గజాలు కొడుతుంది నిజమే, కానీ లోపల గాడులున్న గొట్టంలో గుండు బిగుతుగా దిగుతుంది కాబట్టి నిమిషానికి ఒకటి పేలితే గొప్ప. దానికీ బాయ్‌నెట్ తగలదు.

ఈ లోపాన్ని లోపంగానే తీసుకుని వాడుకున్నవాడు డేనియల్ మోర్గన్. బళ్లు తోలేవాడు. 1781 జనవరి 17న కౌపెన్స్ దగ్గర మిలీషియాకి చెప్పింది ఒక్కటే: రెండుసార్లు పేల్చండి, తర్వాత వెనక్కి తప్పుకోండి. వీళ్లు తప్పుకోవడం చూసి, పారిపోతున్నారనుకుని బ్రిటిష్ దళపతి టార్ల్టన్ దళం వరస చెడగొట్టుకుని ఎగబడింది, వెనక ఆగి ఉన్న పక్కా సైన్యం నోట్లో పడింది. బ్రిటిష్ వైపు 800 మందికి పైగా చనిపోయారు లేదా పట్టుబడ్డారు. ఇటువైపు మోర్గన్ రాసిన లెక్కలో చనిపోయినవాళ్లు 12 మంది.

#6 సీసా_సున్నం
తుపాకి మందు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. 100 పాళ్లలో 75 సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. బొగ్గు కాల్చుకోవచ్చు, గంధకం తెప్పించుకోవచ్చు. అసలు ఇబ్బంది సురేకారంతోనే. 1775 ఆగస్టులో బోస్టన్ బయట దిగిన సైన్యం నిల్వ లెక్క చూస్తే మనిషికి తొమ్మిది తూటాలకు సరిపడా మందు తేలింది. ఆ సంగతి విన్న వాషింగ్టన్ అరగంట నోరు మెదపలేదని పక్కనున్న సలివన్ రాశాడు.

దాంతో కాంగ్రెస్ (13 కాలనీల ప్రతినిధుల సభ) ఇంటింటా సురేకారం వండమని చెప్పి, పద్ధతులు అచ్చేసి పంచింది. పద్ధతి ఇలా ఉంటుంది. పశువుల కొట్టం, గుర్రపుశాల, పొగాకు కొట్టం కింద ఏళ్ల తరబడి వాన తగలని మట్టి తవ్వాలి. అడుగున చిల్లి ఉన్న పీపాలో గడ్డి పరిచి మట్టి నింపి నీళ్లు పోయాలి. కారిన నీటిని కట్టె బూడిద గుండా వడకట్టాలి. తర్వాత పెద్ద బానలో మరిగించి, పైకి తేలిన తెట్టు తీసేస్తూ ఉండాలి. వేడిగా ఉన్నప్పుడే మామూలు ఉప్పు అడుగున దిగుతుంది, అది తీసెయ్యాలి. ఆ తర్వాత చల్లారబెడితే సురేకారం పుల్లలు పుల్లలుగా గడ్డకడుతుంది. మళ్లీ కరిగించి మళ్లీ గట్టి పరచాలి.

ఎక్కువమంది తప్పింది రెండు చోట్ల. బూడిద తక్కువ వేస్తే వచ్చేది పొటాషియం నైట్రేట్ కాదు, కాల్షియం నైట్రేట్. అది గాలిలో తేమ పీల్చుకుని జావ అవుతుంది. ఉప్పు పూర్తిగా తీయకపోతే మందు పైకి బాగానే కనిపిస్తుంది, వారం తర్వాత పీపా తెరిస్తే చెమ్మగిల్లి ఉంటుంది.

#7 చిన్నక్క
అంటే ఈ వంట ఎవరు చేసుంటారో వేరే చెప్పాలా!

#8 బందరులడ్డు
సీసా_సున్నం గారూ, మరి బ్రిటిష్ వాళ్లకి సురేకారం ఎక్కడిది?

#9 సీసా_సున్నం
మన దగ్గర్నుంచే. బీహార్‌లో నోనియాలు పాతమట్టి నుంచి తీసేవాళ్లు, పాట్నాలో శుద్ధి చేసి హుగ్లీ మీదుగా ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వెళ్లేది. అందుకే బ్రిటిష్ వాడికి మందుకు లోటు లేదు. కాలనీల వాళ్లు ఎంత మట్టి వండినా చాలలేదు, మొదటి రెండేళ్లలో వాడిన మందులో చాలా భాగం ఫ్రెంచి, డచ్చి సరుకు. కరీబియన్ దీవుల మీదుగా దొంగచాటుగా వచ్చింది. ఇంటింటి వంట గెలిపించింది అనుకోవద్దు. ఓడలు వచ్చేదాకా ఊపిరి నిలిపింది.

#10 లెక్కలమాస్టారు
మందయింది, సీసం లెక్క చూద్దాం. 1776 జూలై 9న న్యూయార్క్ బౌలింగ్ గ్రీన్‌లో మూడో జార్జి విగ్రహాన్ని తాళ్లతో పడదోశారు. గుర్రమెక్కిన రాజు, సీసపు విగ్రహం, పైన బంగారు పూత. బరువు సుమారు 4,000 పౌండ్లు అంటారు. ముక్కలు చేసి కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కి ఎడ్లబళ్ల మీద చేర్చారు. అక్కడ ఆలివర్ వోల్కాట్ పెరట్లో ఆడవాళ్లూ పిల్లలూ కరిగించి అచ్చుల్లో పోశారు. ఎవరెన్ని పోశారో పేరుపేరునా రాసుకున్నారు. మొత్తం 42,088 గుండ్లు.

ఇప్పుడు పౌండుకి 20 గుండ్ల చొప్పున వేస్తే 42,088 గుండ్లకు 2,100 పౌండ్ల సీసం చాలు. మిగతా సగం ఏమైంది?

#11 మొండిఘటం
రాజుగారి విగ్రహంలో కూడా కమీషన్ కొట్టేశారన్నమాట.

#12 లెక్కలమాస్టారు
దాదాపు అంతే! దారిలో రాజభక్తులు కొన్ని ముక్కలు ఎత్తుకెళ్లి పాతిపెట్టారు. కనెక్టికట్‌లో విల్టన్ చుట్టుపక్కల పొలాల్లో తర్వాతి కాలంలో గుర్రం తోక, జీను ముక్కలు బయటపడ్డాయి. కరిగించేటప్పుడు తెట్టులో పోయేదీ కొంత ఉంటుంది.

#13 పాతపటం
ఫిరంగుల ప్రశ్నకి జవాబు: హెన్రీ నాక్స్. బోస్టన్‌లో పుస్తకాల కొట్టు నడిపేవాడు, వయసు 25. ఫిరంగుల గురించి తెలిసిందంతా కొట్లో కూర్చుని చదివిందే. 1775 మేలో పట్టుకున్న టైకాండరోగా కోట నుంచి 60 టన్నుల సరుకుని, 59 దాకా ఫిరంగుల్ని, 300 మైళ్లు మంచులో తేవాలి. పెద్దవి ఒక్కోటి 5,000 పౌండ్ల పైచిలుకు.

ముందు జార్జి సరస్సు మీద పడవల్లో దింపారు. తర్వాత స్లెడ్జిలు. ఆల్బనీ దగ్గర హడ్సన్ నది గడ్డకట్టింది కానీ పలచగా ఉంది. నాక్స్ మనుషులు దాటే దారిలో మంచుకి బొక్కలు కొట్టారు. కింది నీళ్లు పైకి ఉబికి రాత్రికి గడ్డకట్టి మందం పెరుగుతుంది. అంత చేసినా ఒక ఫిరంగి మునిగింది, ఆల్బనీ ఊళ్లోవాళ్లు సాయం పట్టి పైకి లాగారు. బెర్క్‌షైర్ కొండల్లో ఎక్కడం కాదు, దిగడమే ప్రాణాంతకం. చెట్లకి తాళ్లు చుట్టి కొద్దికొద్దిగా వదలడం, స్లెడ్జి కింద గొలుసులు కట్టి ఈడ్పు పెంచడం, ముందు దుంగలు అడ్డం వెయ్యడం. 1776 జనవరి చివరికి బోస్టన్ చుట్టుపక్కలకి చేరాయి.

#14 వడ్రంగిపిట్ట
బొమ్మల్లో అంతా ఎడ్లే కనిపిస్తాయి. కానీ ఆల్బనీ వైపు లాగినవి ఎక్కువగా గుర్రాలు. ఎడ్ల బేరం చెడింది. పామర్ అనే ఆయన రెండు జతలకి రోజుకి 24 షిల్లింగులు అడిగితే, జనరల్ స్కైలర్ 18 షిల్లింగుల 9 పెన్నీల దగ్గర ఆగిపోయి ఆయన్ని పంపేశాడు. నాక్స్ డైరీలోనే ఉంది. స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గర మళ్లీ ఎడ్లు కట్టారు. దేశభక్తి ఉన్నా కిరాయి కిరాయే.

పాతపటం గారు చెప్పని రెండో సగం: ఫిరంగులొచ్చాయి, ఎక్కడ పెట్టాలి? డార్చెస్టర్ గుట్టల మీద. మార్చిలో నేల రాయిలా గడ్డకట్టి ఉంది, కందకం తవ్వడం కుదరదు. ఉపాయం చెప్పింది రూఫస్ పుట్నమ్, మరమిల్లులు కట్టే పనివాడు. కింద ఊళ్లోనే చెక్కచట్రాలు చేసిపెట్టి, రాత్రికి రాత్రి పైకి తీసుకెళ్లి నిలబెట్టి, వాటిలో చుట్టకట్టిన రెమ్మలూ ఎండుగడ్డీ కూరారు. ముందు వరసలో మట్టి నింపిన పీపాలు, అవతలివాడు ఎక్కితే దొర్లించడానికి. మార్చి 4 రాత్రి మొదలెట్టి తెల్లారేసరికి కోట లేచింది. బండిచక్రాల చప్పుడు వినపడకుండా దారి పొడుగునా గడ్డి పరిచారు. మార్చి 17న బ్రిటిష్ వాళ్లు బోస్టన్ ఖాళీ చేశారు.

#15 గోదారిగట్టు
ఇదీ నాకు కావాల్సింది. చేపలవాళ్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

#16 కృష్ణలంక
మార్బుల్‌హెడ్ రేవు, జాన్ గ్లోవర్ దళం. కాడ్ చేపల కోసం నడిసంద్రం వెళ్లేవాళ్లు. బ్రిటన్ చేపలవేట మీద ఆంక్షలు పెట్టాక పని పోయి సైన్యంలో చేరారు. నల్లవాళ్లు, స్థానిక తెగలవాళ్లు, తెల్లవాళ్లు ఒకే పడవలో తెడ్లేసేవాళ్లు, సముద్రం మీద అలవాటే అది.

1776 ఆగస్టు 29 రాత్రి బ్రూక్లిన్‌లో 9,000 మంది చుట్టుముట్టబడ్డారు. వెనక మైలు వెడల్పు ఈస్ట్ రివర్. తెడ్లకి గుడ్డలు చుట్టి, శిబిరంలో మంటలు ఆరకుండా కొందర్ని వెనకపెట్టి, సుమారు తొమ్మిది గంటల్లో అందర్నీ అవతలికి చేర్చారు. తెల్లారాక పొగమంచు కమ్మింది కాబట్టి చివరి పడవలు బతికాయి.

డిసెంబర్ 25 రాత్రి డెలావేర్ నది. బొమ్మలో వాషింగ్టన్ చిన్న పడవలో నిలబడి ఉంటాడు కదా, అసలు వాడినవి డర్హమ్ పడవలు. ఇనుము మోయడానికి చేసినవి, 40 నుంచి 60 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, చదును అడుగు, ఎత్తు గోడలు. లోపల కూర్చునే చోటు లేదు, అందరూ నిలబడే ఉన్నారు. గుర్రాలు, 18 ఫిరంగులు బల్లకట్టు మీద. అర్ధరాత్రికి అయిపోవాల్సింది, మంచుపలకల వల్ల తెల్లవారుజామున మూడయింది. మిగతా రెండు చోట్ల దాటాల్సిన దళాలు అవతలికి చేరి నిలబడలేకపోయాయి. హెస్సియన్లు (బ్రిటిష్ వాళ్లు కిరాయికి తెచ్చిన జర్మన్ సైనికులు) ఉన్న ట్రెంటన్ చేరేసరికి పొద్దున ఎనిమిది. వడగళ్లలో తుపాకుల మందు తడిసింది, ఫిరంగి రంధ్రం మూసిపెట్టుకోవచ్చు కాబట్టి ఫిరంగులు పనిచేశాయి. 2,400 మంది వెళ్లి సుమారు 900 మంది హెస్సియన్లను పట్టుకున్నారు.

#17 ఓరుగల్లు_కోట
దానికి ముందు సంగతి కూడా అనాలి. డిసెంబర్ 31తో చాలామంది సైన్యంలో ఉంటామని ఒప్పుకున్న గడువు అయిపోతుంది. అందుకే ఆ తొందర. గెలిచాక వాషింగ్టన్ ఇంకో ఆరు వారాలు ఉంటే 10 డాలర్లు ఇస్తానని బతిమాలాడు.

#18 చిన్నక్క
ఇంతవరకూ మగవాళ్ల పడవలు, మగవాళ్ల ఫిరంగులు. #10లో గుండ్లు పోసింది ఎవరో చూశారుగా, అక్కడ మొదలెడదాం.

టీ, బట్ట బ్రిటన్ నుంచి కొనొద్దన్నారు. టీ మానెయ్యడం తేలిక. బట్ట మానేస్తే నేసుకోవాలి, దానికి గొర్రె కోత, ఏకడం, వడకడం, నేత, రంగు అంతా ఇంట్లోనే. నార్త్ కరోలినాలో ఈడెంటన్ అనే ఊళ్లో 1774 అక్టోబర్ 25న 51 మంది ఆడవాళ్లు పేర్లు పెట్టి సంతకాలు చేశారు. లండన్‌లో కార్టూన్ అచ్చేసి వెక్కిరించారు.

సైన్యం వెంట వందల మంది ఆడవాళ్లు నడిచారు. బట్టలుతకడం, కుట్టడం, రోగులకు సేవ. దీన్ని చాకిరీ అని తీసెయ్యొద్దు: ఉతకని బట్టల్లో పేను పడుతుంది, పేనుతో జ్వరం, జ్వరంతో చావు. ఈ యుద్ధంలో తూటా కంటే రోగాలకే ఎక్కువమంది పోయారు. మార్గరెట్ కార్బిన్ 1776 నవంబర్ 16న ఫోర్ట్ వాషింగ్టన్‌లో భర్త చనిపోతే అతని ఫిరంగి తనే నడిపి గాయపడింది. 1779లో కాంగ్రెస్ ఆమెకి సిపాయి జీతంలో సగం పింఛను ఇచ్చింది.

డెబొరా శాంప్సన్ 1782లో రాబర్ట్ షర్ట్‌లిఫ్ పేరుతో మసాచుసెట్స్ నాలుగో రెజిమెంట్‌లో చేరింది. ఫిలడెల్ఫియాలో జ్వరం వచ్చి స్పృహ తప్పితే డాక్టర్ బిన్నీ కనిపెట్టాడు, అప్పటికప్పుడు బయటపెట్టలేదు. 1783 అక్టోబర్‌లో గౌరవంగానే పంపేశారు.

1780లో ఫిలడెల్ఫియాలో ఎస్తర్ రీడ్ వాళ్లు ఇల్లిల్లూ తిరిగి చందా వసూలు చేశారు, 3 లక్షల కాగితం డాలర్లు దాటాయి. సిపాయిల చేతికే డబ్బు ఇద్దామన్నారు. వాషింగ్టన్ వద్దని చొక్కాలు అడిగాడు. 2,000 పైగా కుట్టారు, ఒక్కో చొక్కా మీద కుట్టిన మనిషి పేరు.

#19 మొండిఘటం
చేతికి డబ్బిస్తే మందు తాగేస్తారని ఆయన భయం. ఈ మందు 75-15-10 కాదు.

#20 సీసా_సున్నం
రోగాల మాట వచ్చింది కాబట్టి మశూచి. 1777 మొదట్లో సైన్యమంతటికీ మశూచి వేయించమని వాషింగ్టన్ ఆదేశం. ఇది జెన్నర్ టీకా కాదు, అది 1796 సంగతి. మశూచి వచ్చినవాడి పొక్కులోని రసి తీసి, చేతి మీద చిన్న గాటు పెట్టి లోపల ఎక్కించడం. తేలికపాటి మశూచి వస్తుంది, రెండు మూడు వారాలు పడుకోవాలి, ఆ రోజుల్లో వాడి దగ్గర అంటుకుంటుంది కాబట్టి విడిగా పెట్టాలి. మామూలుగా సోకితే ఆరేడుగురిలో ఒకరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పోయేవాళ్లు. ఇలా వేయిస్తే వందకి ఒకరిద్దరు. అందర్నీ ఒకేసారి పడుకోబెడితే శత్రువుకి తెలిసిపోతుంది, అందుకే విడతలుగా, గుట్టుగా చేశారు.

#21 ఓరుగల్లు_కోట
"అన్ని వర్గాలు" అన్నారు కాబట్టి తెల్లగా రాసుకున్న చరిత్రలో పక్కకి తోసినవాళ్లు. స్వాతంత్ర్యం వైపు పోరాడిన నల్లవాళ్లు 5,000 నుంచి 8,000 మంది. 1775 చివర్లో ముందు వీళ్లని చేర్చుకోవద్దన్నారు, తర్వాత స్వేచ్ఛగా ఉన్నవాళ్లకి సరేనన్నారు. అప్పటికే వర్జీనియా బ్రిటిష్ గవర్నర్ డన్‌మోర్ "తిరుగుబాటుదారుల బానిసలు మా వైపు వస్తే విడుదల" అని ప్రకటించేశాడు. మనుషులు ఎవరు విడుదల ఇస్తే అటు వెళ్తారు, వెళ్లారు కూడా. యుద్ధం అయ్యాక న్యూయార్క్ నుంచి బ్రిటిష్ ఓడల్లో వెళ్లిపోయినవాళ్లే 3,000 మంది.

రోడ్ ఐలాండ్‌కి మనుషులు దొరక్క 1778 ఫిబ్రవరిలో చట్టం చేసింది: బానిస చేరి తనిఖీ దాటితే ఆ క్షణం నుంచి స్వతంత్రుడు, యజమానికి 120 పౌండ్ల దాకా పరిహారం. యజమానులు గోల చేస్తే కొన్ని నెలలకే ఆ చేరిక ఆపేశారు. కానీ చేరినవాళ్లు యుద్ధం చివరిదాకా ఉన్నారు.

జేమ్స్ అని ఒకాయన, విలియం ఆర్మిస్టెడ్ బానిస. బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్ శిబిరంలో పనివాడిగా చేరి, అమెరికా వైపు పోరాడుతున్న ఫ్రెంచి జనరల్ లఫాయెట్‌కి వార్తలు పంపాడు. బ్రిటిష్ వాళ్లు ఆయన్నే తమ గూఢచారిగా పెట్టుకున్నామనుకున్నారు! అయ్యాక ఏమైంది? 1783లో వర్జీనియా చట్టం యజమాని బదులు సిపాయిగా చేరిన బానిసలకే విడుదల ఇచ్చింది, గూఢచారికి కాదు. లఫాయెట్ రాసిచ్చిన కాగితం పెట్టి అర్జీ పెట్టుకుంటే 1787కి విడుదలయ్యాడు.

ఇరొక్వాయ్ ఆరు తెగల్లో ఒనైడాలు, టస్కరోరాలు ఎక్కువమంది ఇటు, మోహాక్‌లు అటు. 1777 ఆగస్టు 6న ఒరిస్కనీలో ఒకే సమాఖ్యలోని తెగలు ఎదురెదురుగా నిలబడ్డాయి. గెలిచిన పక్షాన ఉన్న ఒనైడాల భూమి 50 లక్షల ఎకరాలకు పైగా 1788 ఒప్పందంతో న్యూయార్క్ రాష్ట్రం చేతికి పోయింది.

#22 వడ్రంగిపిట్ట
ఇంకో సంగతి, అందరూ ఇటు లేరు. తెల్లవాళ్లలో అయిదో వంతు దాకా రాజభక్తులు. 1780 అక్టోబర్ 7 కింగ్స్ మౌంటెన్ పోరులో బ్రిటిష్ వైపు దళపతి ఫెర్గూసన్ ఒక్కడు తప్ప రెండు వైపులా పోరాడింది కాలనీల వాళ్లే. చుట్టాలు చుట్టాలు కొట్టుకున్నారు.

#23 లెక్కలమాస్టారు
జీతాల ప్రశ్న మిగిలింది. సిపాయి జీతం నెలకి 6 డాలర్ల 60 సెంట్లకు కాస్త పైన, కచ్చితంగా చెప్పాలంటే ఆరూ రెండు బై మూడు. కాంగ్రెస్‌కి పన్ను వేసే అధికారం లేదు, కాబట్టి నోట్లు అచ్చేసింది, మొత్తం 20 కోట్లకు పైగా. 1780 మార్చిలో 40 కాగితం డాలర్లకు ఒక వెండి డాలర్ అని తనే ఒప్పుకుంది. అంటే సిపాయి నెల జీతం వెండిలో 17 సెంట్లు. అది కూడా నెలల తరబడి బాకీ.

తొలి ఏడాది చేరిన పొలమున్న రైతులు కోతల వేళకి ఇంటికెళ్లారు. తర్వాత ఊళ్లకి కోటా పడింది. ఊరి మగవాళ్లని గుంపులు చేసి, ఒక్కో గుంపు ఒక మనిషిని ఇవ్వాలన్నారు. గుంపులో డబ్బున్నవాళ్లు చందా వేసుకుని ఓ పేదవాణ్ని పంపేవాళ్లు. 1776 సెప్టెంబర్ నుంచి యుద్ధం ముగిసేదాకా ఉంటే 20 డాలర్లు, 100 ఎకరాలు అన్నారు. ఇక చేరింది ఎవరు? భూమి లేని కుర్రాళ్లు, ఐర్లండ్, జర్మనీ నుంచి కొత్తగా వచ్చినవాళ్లు, గడువు కూలీలు (కొన్నేళ్ల ఒప్పందానికి కట్టుబడ్డవాళ్లు). గోదారిగట్టు గారూ, మీ నాగలి బొమ్మ 1775కి సరిపోతుంది. 1778 తర్వాత సైన్యంలో నాగలి సొంతంగా ఉన్నవాడు తక్కువ.

#24 నాటుతుపాకి
పై దానికి జోడింపు: 1781 జనవరి 1న పెన్సిల్వేనియా దళం తిరగబడింది. గొడవ ఒక షరతు మీద, "మూడేళ్లు లేదా యుద్ధం ముగిసేదాకా". సిపాయి ఏది ముందొస్తే అది అన్నాడు, ఆఫీసర్లు ఏది తర్వాతొస్తే అది అన్నారు. బ్రిటిష్ జనరల్ క్లింటన్ ఇద్దర్ని పంపి, మా వైపు రండి బాకీ మేం తీరుస్తాం అన్నాడు. తిరగబడ్డ సార్జెంట్లు ఆ ఇద్దర్నీ పట్టి అప్పగించారు, ఉరి తీశారు. బహుమతిస్తామంటే వద్దన్నారు. జీతం కావాలి, పక్షం మార్చరు. నాకు ఈ యుద్ధంలో అన్నిటికంటే గట్టిగా అనిపించే ఘట్టం ఇదే.

#25 బందరులడ్డు
మరి బాకీ తీర్చారా చివరికి?

#26 లెక్కలమాస్టారు
కాగితాలిచ్చారు. తిండిలేక చాలామంది వాటిని ముఖవిలువలో చిన్న వంతుకే వ్యాపారులకు అమ్ముకున్నారు. 1790లో ఆర్థిక మంత్రి హామిల్టన్ పథకం కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి పూర్తి విలువ లెక్కగట్టింది. 1786లో మసాచుసెట్స్‌లో అప్పుల మీద తిరుగుబాటు లేపిన డేనియల్ షేస్ ఈ యుద్ధంలో కెప్టెన్. బీద సిపాయిలకి పింఛను 1818లో, మిగతావాళ్లకి 1832లో.

#27 కృష్ణలంక
సైన్యంలో జీతం రాదు కాబట్టే నావికులు ప్రైవేటీర్ ఓడలెక్కారు (శత్రు ఓడల్ని పట్టుకోవడానికి అనుమతి ఉన్న ప్రైవేటు ఓడలు). కాంగ్రెస్ ఇచ్చిన అనుమతి పత్రాలు సుమారు 1,700. పట్టుకున్న ఓడ అమ్మితే యజమానులకి సగం, సిబ్బందికి సగం, వంట కుర్రాడికీ వాటా. ఎర బాగుంది. పట్టుబడితే మాత్రం బ్రూక్లిన్ పక్కన వాలబౌట్ ఖాతంలో జైలు ఓడలు, వాటిలో పేరుమోసింది జెర్సీ. ఆ ఓడల్లో పోయినవాళ్లు 11,000 మందికి పైనే అని అంచనా. బ్రిటిష్ నేవీలో చేరితే వదిలేస్తామనేవాళ్లు. చాలామంది చేరలేదు.

#28 పాతపటం
టీ పారబోత గురించి ఎవరూ రాయలేదేంటి! 1773 డిసెంబర్ 16, బోస్టన్ గ్రిఫిన్ రేవు, మూడు ఓడలు, 342 పెట్టెలు, 92,000 పౌండ్లకు పైగా చైనా టీ. పని చేసింది వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్లు, పని నేర్చుకునే కుర్రాళ్లు. కప్పీలతో పెట్టెలు పైకి లాగడం, గొడ్డళ్లతో పగలగొట్టడం, సముద్రంలో పారబొయ్యడం, మూడు గంటలు. పోటు లేని వేళ కావడంతో టీ ఆకు నీళ్లలో కలవకుండా కుప్పలుగా పైకి లేచింది, కుర్రాళ్లు దిగి తొక్కాల్సొచ్చింది. ఒక తాళం విరిగితే మర్నాడు కొత్తది కొనిచ్చారట.

ఈ గొడవకి కారణమైన బ్రిటిష్ టీ చట్టం (ఈస్టిండియా కంపెనీ టీని నేరుగా కాలనీల్లో అమ్ముకోనిచ్చింది) వెనక మన బెంగాల్ ఉంది. 1770 కరువు తర్వాత కంపెనీ దివాలా అంచుకొస్తే దాన్ని నిలబెట్టడానికే ఆ చట్టం. ఫిలడెల్ఫియా న్యాయవాది జాన్ డికిన్సన్ కరపత్రంలో బెంగాల్ చావుల్ని చూపించి, రేపు మనకీ ఇంతే అని రాశాడు.

#29 బందరులడ్డు
ఇంకో లంకె. యార్క్‌టౌన్‌లో 1781 అక్టోబర్ 19న లొంగిపోయిన కార్న్‌వాలిస్ 1786లో మన గవర్నర్ జనరల్. 1793 శాశ్వత శిస్తు పద్ధతి ఆయన తెచ్చిందే, అది 1802లో ఉత్తర సర్కారులకీ వచ్చింది. అక్కడ కోల్పోయిన పరువు ఇక్కడ జమీందార్ల మీదుగా రాబట్టుకున్నాడు.

#30 ఓరుగల్లు_కోట
యార్క్‌టౌన్ గెలుపు ఖాతా సగం ఫ్రెంచి వాళ్లది కూడా. సెప్టెంబర్ 5న చెసాపీక్ దగ్గర ఫ్రెంచి నౌకాదళం దారి మూసెయ్యకపోతే కార్న్‌వాలిస్ ఓడెక్కి పోయేవాడు. పైగా ఈ యుద్ధపు చివరి పెద్ద పోరు అమెరికాలో కూడా కాదు, 1783 జూన్‌లో కడలూరు దగ్గర బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాల మధ్య. సంధి వార్త ఓడలో వచ్చాక ఆపేశారు.

#31 మొండిఘటం
అంటే లెక్సింగ్టన్‌లో మొదలై కడలూరులో తేలింది.

#32 కృష్ణలంక
ఇంకోటి వినండి. పెన్సిల్వేనియా వాళ్లు ఒక ఓడకి హైదర్ అలీ పేరు పెట్టుకున్నారు, "హైడర్ ఆలీ". మైసూరు హైదర్ బ్రిటిష్ వాళ్లని ముప్పుతిప్పలు పెడుతున్నాడని. 1782 ఏప్రిల్ 8న డెలావేర్ ఖాతంలో దాని కెప్టెన్ జాషువా బార్నీ, తనకంటే పెద్దదైన జనరల్ మంక్ అనే బ్రిటిష్ ఓడని అరగంటలో పట్టుకున్నాడు.

#33 గోదారిగట్టు
చిన్న ఓడ పెద్దదాన్ని ఎలా పట్టిందో చెప్పకుండా వదలకండి.

#34 కృష్ణలంక
చుక్కాని పట్టినవాడికి ముందే చెప్పి ఉంచాడు, నేను గట్టిగా ఏది అరిస్తే దానికి తిరగేసి చెయ్యి అని. దగ్గరకొచ్చాక అవతలివాళ్లకి వినపడేలా ఒక వైపు తిప్పమని అరిచాడు. మంక్ ఆ మాట నమ్మి దానికి తగ్గట్టు తిరిగింది. ఇవతలిది రెండో వైపు తిరగడంతో మంక్ ముందు తాళ్లు హైడర్ ఆలీ తాళ్లలో చిక్కుకున్నాయి. అలా చిక్కుకున్న ఓడ పక్క ఫిరంగులు ఇటు తిరగవు. బార్నీ మాత్రం తన వైపువన్నీ వరసగా పేల్చాడు.